పదో మెసేజ్

మధ్యాహ్నం రెండూ పది.

నాలుగింటికి, అక్వేరియం షాపులో పనిచేసే పిచ్చుకను మేజిస్ట్రేట్ ముందు నిలబెడతారు. హత్యాయత్నం కేసు. ఒకసారి జైలు గేటు దాటితే ఆ పిల్ల మళ్ళీ ఎప్పుడు బయటి గాలి పీలుస్తుందో ఎవరూ చెప్పలేరు. పిచ్చుక అక్క పెద్దాసుపత్రిలో నర్సు. పొద్దున డిటెక్టివ్ చేతులు రెండూ పట్టుకుని ఒకటే మాట అడిగింది.

"అన్నా, మా చెల్లి నోరు పారేసుకుంటుంది తప్ప చెయ్యి ఎత్తదు. నాలుగింటిలోపల ఏదో ఒకటి చెయ్యి."

డిటెక్టివ్ అక్వేరియం షాపు మెట్లెక్కి అద్దాల తలుపు తోశాడు. వరసగా పేర్చిన చేపల తొట్ల మధ్య, తను ఎక్కడా ఎదురుపడకూడదని కోరుకునే ఒకే ఒక్క మనిషి నిలబడి ఉన్నాడు.

ఇన్‌స్పెక్టర్. పైగా తోడల్లుడు.

"రండి అన్నయ్యా! కాస్త ఆలస్యమైంది. భోజనాలైపోయాయి, బల్లలు తుడిచేస్తున్నాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నవ్వుతూ.

డిటెక్టివ్ చూపు అతని మొహం మీద కాదు, భుజం మీది నక్షత్రాల మీద పడింది. ఎప్పుడూ అక్కడే పడుతుంది. ఆరేళ్ళ కిందట అవి తన భుజం మీదికి రావాల్సినవి. పై అధికారితో పేచీ పడి, రాజీనామా కాగితం బల్ల మీద కొట్టి తను బయటికొస్తే, ఆ కుర్చీలో చిన్నల్లుడు కూర్చున్నాడు. అప్పట్నుంచీ మామగారు చిన్నల్లుడి గురించి చెప్పేటప్పుడు ముందు 'ఇన్‌స్పెక్టర్' అంటారు. పెద్దల్లుడి గురించి చెప్పేటప్పుడు ముందు ఒక నిట్టూర్పు విడుస్తారు. రెండేళ్ళ కిందట చిన్నల్లుడు పతకం అందుకుంటున్న ఫోటో కుటుంబం గ్రూపులో పెట్టిన రోజున డిటెక్టివ్ అతని నెంబరు బ్లాక్ చేసి పడేశాడు. ఇంతవరకూ తియ్యలేదు.

"బల్ల మీద ఇంకా మెతుకులున్నాయేమో చూద్దామని వచ్చాను ఇన్‌స్పెక్టర్ గారూ."

"చూడండి. కాకపోతే మీ టైము దండగ. కేసు మొత్తం ఒక్క ముక్కలో చెప్తా. అసూయ." ఇన్‌స్పెక్టర్ ఫైల్లోంచి ఒక కాగితం తీసి ఊపాడు. "ఈ షాపు ఇన్‌బాక్స్ నుంచి, పిచ్చుక పేరుతో, నిన్న పొద్దున 10:52కి తొట్ల మేస్త్రి ఫోనుకు వెళ్ళింది. వినండి. 'నాలుగో తొట్టిలో మోటారు కింద చేప ఇరుక్కుంది. వెంటనే వచ్చి చూడు.' మేస్త్రి పదకొండింటికి వచ్చాడు. 11:05కి నీళ్ళలో చెయ్యి పెట్టాడు. హీటరు వైరు చెక్కేసి ఉంది. కరెంటు కొట్టి, వెనక్కి పడి, ఇనప స్టాండుకు తల తగిలి, ఇప్పటిదాకా స్పృహ లేదు."

"కారణం?"

"రెండు నెలల్లో పెళ్ళి పెట్టుకున్న జంట. మేస్త్రి ఒక కస్టమరు ఇంట్లో తొట్టి బాగుచెయ్యడానికి వారంలో మూడుసార్లు వెళ్ళాడు. ఆ కస్టమరు ఆడమనిషి. మొన్న అందరి ముందూ పిచ్చుక ఏమందో తెలుసా? 'ఇంకోసారి వెళ్ళావంటే చేతులు విరుస్తా' అంది."

"మా ఆవిడ నన్ను రోజుకు రెండుసార్లు అంటుంది. చేతులు రెండూ ఉన్నాయి చూడండి."

"వదినగారికి మీ చేతులతో పనుంది కాబట్టి," అని ఇన్‌స్పెక్టర్ తన జోకుకు తనే నవ్వాడు.

"10:52కి షాపులో ఎవరెవరున్నారు?"

"ఇద్దరు. కంప్యూటరు ముందు పిచ్చుక. లోపలి గదిలో మేనేజరమ్మ. ఆవిడ 10:40 నుంచి పదకొండు దాకా ఊరెళ్ళిన యజమానితో ఫోన్లో ఉంది, లైను రికార్డు చూశా. వ్యాను డ్రైవరు పదిన్నరకే చేపలు తీసుకుని బయల్దేరాడు. 10:50కి ఊరి అవతల ఒక ఇంట్లో సంతకం తీసుకున్నాడు. ఆ ఇంటికి నేనే వెళ్ళా. ఇంకేం కావాలి?"

"నీలి చేప."

"ఏమిటీ?"

"మూడు నెలలుగా ఆ పేరుతో ఎవడో పిచ్చుకకు మెసేజ్‌లు పెడుతున్నాడు. వాళ్ళక్కకు మాత్రమే చెప్పింది."

"అక్వేరియం షాపుకు చేప రాయక పులి రాస్తుందా అన్నయ్యా? ప్రతి షాపుకూ ఇలాంటి ఆకతాయిలు ఇరవైమంది ఉంటారు. నాక్కావాల్సింది ఇక్కణ్ణించి వెళ్ళిన మెసేజ్. వచ్చినవి కాదు."

"ఆసుపత్రి గది దగ్గర కాపలా ఉందా?"

"చంపబోయిన మనిషి లాకప్‌లో ఉంటే కాపలా ఎవరికోసం? కానిస్టేబుల్ని కోర్టు పనికి పిలిపించా. ఆ నర్సును మాత్రం ఆ గది ఛాయలకు రానివ్వొద్దని చెప్పా. ముద్దాయి అక్క కదా. మేస్త్రి పక్కన డ్రైవరున్నాడు. నిన్నట్నుంచీ కన్ను మూయలేదు పాపం. సొంత అన్న కూడా అలా చూడడు." ఇన్‌స్పెక్టర్ టోపీ సర్దుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఆదివారం భోజనానికి రండి అన్నయ్యా. మామగారు మీ కేసుల గురించి అడుగుతుంటారు."

"ఏమని?"

"ఉన్నాయా అని."

జీపు వెళ్ళిపోయింది. నిజం చెప్పాలంటే, ఆ క్షణంలో డిటెక్టివ్‌కు పిచ్చుక విడుదల ఎంత ముఖ్యమో, చిన్నల్లుడి మొహం మాడిపోవడం అంతకన్నా ముఖ్యం అనిపించింది. అనిపించినందుకు సిగ్గుపడి, వాచీ చూసుకున్నాడు.

రెండూ ఇరవై అయిదు.

మేనేజరమ్మ తాళాల గుత్తితో వెనక గది తలుపు తీసింది. యాభై దాటిన మనిషి. నడకలో, మాటలో, చివరికి తాళం తిప్పడంలో కూడా ఒక పొడితనం. నాలుగో తొట్టిలో నీళ్ళు తోడేశారు. అడుగున తెల్ల గులకరాళ్ళు మాత్రం ఉన్నాయి.

"మేస్త్రి ప్లగ్గు పీక్కుండానే నీళ్ళలో చెయ్యి పెట్టాడా అమ్మా?"

"చచ్చినా పెట్టడండీ. పదేళ్ళుగా చూస్తున్నా. ముందు గోడ దగ్గరికి వెళ్తాడు, ఆ తొట్టి నెంబరున్న ప్లగ్గు పీకి మెడలో వేసుకుంటాడు. పాముల్ని ఆడించేవాడిలా ఉంటాడని నవ్వుతాం. నిన్న పడిపోయినప్పుడు కూడా మెడలో ప్లగ్గుంది."

"ఏ నెంబరు?"

"నాలుగు."

డిటెక్టివ్ గోడ దగ్గర వంగి కూర్చున్నాడు. ఎనిమిది తొట్లు, ఎనిమిది వైర్లు, ఒక్కో వైరుకు ఒక్కో నెంబరు కాగితం. 'నాలుగు' అని ఉన్న వైరును వేళ్ళ మధ్య జార్చుకుంటూ చివరిదాకా పోయాడు. అది అయిదో తొట్టిలో తేలింది. 'అయిదు' అని ఉన్న వైరు నాలుగో తొట్టికి పోయింది.

రెండు కాగితాలు తారుమారయ్యాయి. మేస్త్రి పద్ధతి తప్పలేదు. పద్ధతే అతన్ని పడగొట్టింది. అతని పద్ధతి తెలిసినవాళ్ళెవరో, అతను ఎప్పుడూ తప్పడని నమ్మి మరీ చేశారు.

మిగతా ఆరు కాగితాల అంచుల్లో పచ్చటి పాచి పేరుకుంది. ఈ రెండూ శుభ్రంగా ఉన్నాయి. అంటించింది మామూలు టేపుతో కాదు. అట్టపెట్టెలకు వేసే వెడల్పాటి గోధుమరంగు టేపుతో.

"ఈ టేపు ఎక్కడుంటుంది?"

"ప్యాకింగ్ బల్ల మీద. అందరూ వాడతారు," అంది మేనేజరమ్మ. "ఎక్కువగా ఆ పిల్లే వాడుతుంది. దానికి అడ్డేముంది ఈ షాపులో?"

'ఆ పిల్ల' అన్న మాటలో ఎనిమిది నెలల పులుపుంది. డిటెక్టివ్ చెవికి ఆ రుచి కొత్తది కాదు. తను 'చిన్నల్లుడు' అన్నప్పుడు సరిగ్గా అలాగే ఉంటుంది.

ముందు గదిలో తలుపు చప్పుడైంది. రెండూ నలభై. వచ్చింది వ్యాను డ్రైవరు. ముప్ఫై ఏళ్ళు ఉంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, చొక్కా నలిగిపోయింది.

"మేస్త్రి బట్టల సంచి ఇక్కడే ఉండిపోయిందమ్మా. దానికోసం వచ్చా," అన్నాడు. డిటెక్టివ్ ఎవరో తెలిశాక దగ్గరికొచ్చాడు. "పిచ్చుకను వదిలేస్తారా సార్?"

"మేస్త్రికి ఎలా ఉంది?"

"అలాగే ఉంది సార్. పిచ్చుక అమాయకురాలు. ఆ మాట నేను ఇన్‌స్పెక్టరుగారికి కూడా చెప్పా."

"నిన్న నువ్వే కదా మేస్త్రిని వ్యానులో వేసుకెళ్ళింది? డెలివరీల్లో ఉన్నవాడివి, 11:15కల్లా ఇక్కడికెలా వచ్చావు?"

"ఒక కస్టమరు రసీదు మర్చిపోయా సార్. దానికోసం తిరిగొచ్చా. దేవుడే పంపించాడు." సంచి భుజానికి తగిలించుకుంటూ, గోడకు మేకు మీద వేలాడుతున్న ఆకుపచ్చ ఏప్రన్ వైపు ఒకసారి చూశాడు. మిగతావన్నీ నీలం ఏప్రన్లు. "ఇవాళే వదిలేస్తారంటారా సార్? సాయంత్రం లోపల?"

"ప్రయత్నిస్తున్నా."

"వదిలేస్తే ముందు నాకు చెప్పండి సార్. వ్యానులో నేనే తీసుకొస్తా."

డ్రైవరు వెళ్ళేసరికి రెండూ నలభై ఎనిమిది. ఆసుపత్రికి వ్యానులో పన్నెండు నిమిషాలు. ఆ కుర్రాడి మాటల్లో ఏదో రాయిలా తగిలింది డిటెక్టివ్‌కు. ఏమిటో వెంటనే అందలేదు. పిచ్చుక గురించి నాలుగుసార్లు మాట్లాడాడు. మేస్త్రి గురించి, తను అడిగితే, రెండు మాటలు.

"ఇన్‌బాక్స్ చూపించండమ్మా."

మేనేజరమ్మ కంప్యూటరు ముందు కూర్చోలేదు. నిలబడే, రెండు వేళ్ళతో, మైలపడుతుందన్నట్టు మౌసు కదిపింది.

"ఇదండీ మా ఉమ్మడి కాపురం. పద్నాలుగేళ్ళు ఈ షాపు ఈమెయిల్ నేను చూశా. నా పేరు పెట్టి రాసేవాళ్ళు కస్టమర్లు. ఒకాయన తన చేప చచ్చిపోతే రెండు పేజీలు రాశాడు, నేను మూడు పేజీలు జవాబిచ్చా. ఎనిమిది నెలల కిందట ఇది తెచ్చిపెట్టారు. ఈమెయిలూ, ఫేస్‌బుక్కూ, ఫోటోల యాప్ మెసేజ్‌లూ, ఫోన్లో వచ్చే వాట్సాప్‌లూ, అన్నీ ఒకే చోట. దాంతోపాటు ఈ పిల్లను తెచ్చారు. నా కస్టమర్లు నాకు రాస్తారు, జవాబు ఇది ఇస్తుంది. 'హాయ్ అండీ' అంటుంది. నవ్వు మొహాలు పెడుతుంది. రెండు ముక్కలు. దానికి వాళ్ళు దండాలు పెడుతూ తిరిగి రాస్తారు! మూడు పేజీలు రాసినప్పుడు నాకు ఒక్కరూ పెట్టలేదు దండం."

"అందుకే ఆమె జైలుకు పోతే బాగుండునని..."

"అనుకున్నా." మేనేజరమ్మ తల తిప్పకుండా అంది. "నిన్న జీపెక్కించినప్పుడు ఒక్క క్షణం అనుకున్నా. రాత్రంతా నిద్ర పట్టలేదు. అబద్ధం చెప్పను."

డిటెక్టివ్ ఆవిడ వైపు మొదటిసారి సరిగ్గా చూశాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

తెర మీద 10:52 మెసేజ్ దొరికింది. ఇన్‌స్పెక్టర్ కాగితంలో ఉన్నదే. కానీ కాగితంలో రానిది ఒకటి తెర మీద ఉంది. టైము పక్కన చిన్న గడియారం బొమ్మ.

"ఇదేమిటి?"

"ముందే రాసిపెట్టి, ఫలానా టైముకు పొమ్మని చెప్తే వచ్చే గుర్తు. డెలివరీ మెసేజ్‌లకు వాడతారు. 'మీ చేపలు బయల్దేరాయి, ఇంట్లో ఉండండి' అని. చేపల్ని గుమ్మంలో పెట్టి రాలేంగా."

"ఎవరు రాసిపెడతారు?"

"డ్రైవరే. ముందురోజు సాయంత్రం, వరసపెట్టి. ఇదే కంప్యూటర్లో. ఆ పిల్ల పేరు మీద తెరిచే ఉంటుంది, మళ్ళీ మూసి తెరవడం ఎవరికీ ఓపిక లేదు."

డిటెక్టివ్ బొమ్మ మీద నొక్కాడు. రాసిన టైము వచ్చింది. మొన్న సాయంత్రం 5:44.

"మొన్న పిచ్చుక ఎప్పుడు వెళ్ళింది?"

"అయిదింటికే. పన్ను పీకించుకోవడానికి. సెలవు కాగితం మీద సంతకం నాదే."

"నిన్న డెలివరీలు ఎన్ని?"

మేనేజరమ్మ పుస్తకం తీసింది. "తొమ్మిది."

5:40 నుంచి 5:46 లోపల రాసిపెట్టిన మెసేజ్‌లను డిటెక్టివ్ వేలితో లెక్కపెట్టాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

పది.

తొమ్మిది మెసేజ్‌లు కస్టమర్లకు. ఏడో దానికీ ఎనిమిదో దానికీ మధ్య, పదోది, మేస్త్రికి. వరసలో కూర్చుని వరసలోనే రాశాడు. బస్తా బియ్యం మధ్య ఒక రాయిలా, అది తెల్లగానే ఉంది.

10:50కి ఊరి అవతల సంతకం తీసుకున్న మనిషికి, 10:52 మెసేజ్ కోసం ఇక్కడ ఉండాల్సిన అవసరం లేదు.

"డ్రైవరా?" మేనేజరమ్మ గొంతు తగ్గింది. "మొన్న తాళాలు వేసింది నేనండీ. రాసేవాడు రాసుకుంటున్నాడని పైన ఉన్నా. కానీ వాడెందుకు...? మేస్త్రీ, వాడూ ఒకే గదిలో అద్దెకుంటారు. ఒకే కంచంలో తింటారు."

"'నీలి చేప' పేరుతో పిచ్చుకకు వచ్చే పిచ్చి మెసేజ్‌లు ఎక్కడుంటాయి?"

"చెత్త అని ఒక అర ఉంది. దాన్ని ఆ పిల్ల ఒక్కతే తెరుస్తుంది."

అర తెరిచాడు. మూడు నెలల మెసేజ్‌లు. పిచ్చుక ఒక్కదానికీ జవాబివ్వలేదు.

'ఆకుపచ్చ ఏప్రన్ నువ్వే కుట్టుకున్నావా? నీకోసమే పుట్టిన రంగు.'

'వాడు చెప్పిన జోకుకు పదకొండు సెకన్లు నవ్వావు. నాతో ఒక్కసారి కూడా అంత నవ్వలేదు.'

'పెళ్ళి తారీఖు పెట్టారట. ముందు నాకు చెప్పొచ్చుగా.'

ఇది షాపులో తిరిగేవాడి గొంతు. కానీ గొంతు సాక్ష్యం కాదు. కోర్టులో నిలబడేది కావాలి. గడియారం రెండూ యాభై ఎనిమిది చూపిస్తోంది. తెర కింది మూలలో ఒక ఎర్ర చుక్క, దాని మీద అంకె. 214.

"ఇవి?"

మేనేజరమ్మ మొహం ఎర్రబడింది.

"అది అడుగుతుంటుందండీ. ఒకే మనిషి ఒకసారి ఈమెయిల్లో, ఒకసారి ఫేస్‌బుక్‌లో రాస్తే, 'ఈ ఇద్దరూ ఒక్కరేనా? కలపమంటారా?' అని. అవును, కాదు, తర్వాత అడుగు, అని మూడు మీటలు. నేనే వద్దన్నా. కలిపితే నా కస్టమర్లు ఆ పిల్ల ఖాతాలోకి పోతారు. 'ముట్టుకున్నావంటే ఊరుకోను, తర్వాత అడుగు అని నొక్కు' అని చెప్పా. ఎనిమిది నెలలుగా అదే నొక్కుతోంది పాపం."

"రెండువందల పద్నాలుగు ప్రశ్నలకు ఎవరూ జవాబివ్వలేదు!"

"నా కుళ్ళు వల్ల," అంది ఆవిడ.

డిటెక్టివ్ ఒక్కొక్కటీ తిరగేశాడు. ఎవరో డాక్టరు, ఎవరో స్కూలు ప్రిన్సిపాలు, ఒకే పేరుతో రెండు చోట్ల. నలభై, ఎనభై, నూట ఇరవై. నూట అరవై మూడో ప్రశ్న దగ్గర అతని వేలు ఆగింది.

'నీలి చేప', 'మన వ్యాను'. ఈ ఇద్దరూ ఒక్కరేనా? ఒకే ఫోన్ నెంబరు.

డ్రైవరు దారిలోంచి రోజూ 'ట్రాఫిక్‌లో ఉన్నా' అని షాపుకు పెట్టే నెంబరు అది. దొంగ పేరుతో ఖాతా తెరిచేటప్పుడు నెంబరు అడిగి ఉంటుంది. మెదడు ఎంత జాగ్రత్తపడినా చెయ్యి మాత్రం అలవాటు కొద్దీ సొంత నెంబరే కొడుతుంది. మనుషులకు కనపడకుండా దాచేశాననుకున్నాడు. ఈ పెట్టె మాత్రం మూడు నెలలుగా అడుగుతూనే ఉంది. వీళ్ళే 'తర్వాత' అంటూ వచ్చారు.

"నొక్కండమ్మా. మీ చేత్తో."

మేనేజరమ్మ 'అవును' నొక్కింది. రెండు పేర్లు ఒకటయ్యాయి. ఆకుపచ్చ ఏప్రన్ మెసేజ్‌లన్నీ 'మన వ్యాను' కిందికి వచ్చి చేరాయి.

డిటెక్టివ్‌కు మొదట గుర్తొచ్చింది పిచ్చుక కాదు. మామగారి భోజనాల బల్ల. అక్కడ తను ఈ కాగితం తీసి పెడితే, చిన్నల్లుడి చేతిలో ముద్ద చేతిలోనే ఆగిపోతుంది. ఇంకా గంట టైముంది. తిన్నగా కోర్టుకే వెళ్ళి, అందరి ముందూ...

అప్పుడే కంప్యూటరు టింగుమంది. మూడూ ఆరు.

'వాడు కళ్ళు తెరిచాడు. మొదటి మాట నీ పేరే. నిన్నట్నుంచీ పక్కన కూర్చున్నది నేను. పిలిచింది నిన్ను.'

మేనేజరమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది. గది దగ్గర కాపలా లేదు. నర్సుకు ఆ వైపు పోవడానికి లేదు. ఉన్నది వాడొక్కడే.

డిటెక్టివ్ తన ఫోనులో నర్సును పట్టుకున్నాడు. "ఎక్కడున్నావమ్మా?"

"రెండంతస్తుల కింద, అన్నా."

"మేస్త్రి గదికి పరిగెత్తు. డ్రైవరే నేరస్థుడు. ఎవరు ఆపినా ఆగకు, పూచీ నాది. లైను పెట్టెయ్యకు."

ఆ ఫోను బల్ల మీద పెట్టి, షాపు ఫోను అందుకున్నాడు. చిన్నల్లుడి నెంబరు బ్లాక్ చేసినా మరుపు మాత్రం రాలేదు. రెండో రింగుకే ఎత్తాడు.

"తమ్ముడూ, నేను."

ఆరేళ్ళలో ఆ పిలుపు ఇదే మొదలు.

"చెప్పండి అన్నయ్యా."

నాలుగు వాక్యాల్లో చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ ఎదురు ప్రశ్న వెయ్యలేదు. జీపు టైర్లు కీచుమన్న చప్పుడు వినిపించింది. "ఆసుపత్రికి పదిహేను నిమిషాలు పడుతుంది. మీరనేది నిజమైతే ఇంటికెళ్ళాక నాకు ఉంది పెళ్ళి. 'పెద్దల్లుడైతే ఎప్పుడో తేల్చేసేవాడు' అని మామగారు ప్రతి కేసుకూ నా ప్రాణం తోడేస్తారు."

డిటెక్టివ్ చెవులను నమ్మలేకపోయాడు. నమ్మడానికి టైమూ లేదు. బల్ల మీది ఫోన్లోంచి నర్సు వగరుస్తూ అరిచింది.

"అన్నా, లోపల గడియ పెట్టేశాడు! కొడుతున్నా, తియ్యట్లేదు!"

తెర మీద మూడు చుక్కలు కదులుతున్నాయి. 'టైప్ చేస్తున్నారు.' డిటెక్టివ్ వాటినే చూస్తూ ఉండిపోయాడు.

"వాడి చేతులు ఫోను మీదున్నంతసేపు మేస్త్రి గొంతు మీద ఉండవు. జవాబివ్వాలి. పిచ్చుకలా రాయాలి. అనుమానం వచ్చిందంటే..."

"లేవండి," అంది మేనేజరమ్మ.

"మీరా?"

"ఆ పిల్ల ఎలా రాస్తుందో నాకు తెలుసు. ఎనిమిది నెలలుగా దాని ప్రతి అక్షరం చదివి కుళ్ళుకున్నదాన్ని." కుర్చీలో కూర్చుంది. ఈసారి రెండు వేళ్ళతో కాదు, పదివేళ్ళతో.

'హాయ్ అండీ. నన్ను వదిలేశారు. ఇప్పుడే షాపుకొచ్చా. ఇన్నాళ్ళూ జవాబివ్వనందుకు సారీ.' చివర ఒక నవ్వు మొహం.

చుక్కలు ఆగిపోయాయి. మళ్ళీ కదిలాయి.

'నిజంగా నువ్వేనా?'

ఆవిడ ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. 'కాదు, మా మేనేజరమ్మ. ఆవిడైతే ఈపాటికి మూడు పేజీలు రాసేయదూ?' ఇంకో నవ్వు మొహం.

చదివి డిటెక్టివ్ అదిరిపడ్డాడు. కానీ అది సరిగ్గా పిచ్చుక వేసే జోకే. వెనకాల ఆ పిల్ల తన మీద వేసే జోకు మేనేజరమ్మకు ఎప్పుడో తెలుసు.

'నవ్వించావు,' అని వచ్చింది.

ఫోన్లో గడియ తీసిన చప్పుడు. ఎవరో పక్కకు తోసుకుని వెళ్ళిన చప్పుడు. తర్వాత నర్సు గొంతు, ఏడుస్తూ. "మేస్త్రి బాగానే ఉన్నాడన్నా! దిండు కిందపడి ఉంది, కానీ ఊపిరాడుతోంది, మాట్లాడుతున్నాడు. వాడు మాత్రం నన్ను తోసేసి వెళ్ళిపోయాడు. నవ్వుతూ వెళ్ళాడన్నా. మెట్ల మీద పరుగు."

"మంచం వదలకు. ఎవరినీ రానివ్వకు," అని డిటెక్టివ్ షాపు ఫోనులో అరిచాడు. "తమ్ముడూ, ఆసుపత్రి వద్దు. మేస్త్రి క్షేమం. వాడు వ్యానెక్కాడు. షాపుకు రా!"

"పద్నాలుగు నిమిషాలు అన్నయ్యా."

వ్యానుకు పన్నెండు.

టింగుమంది.

'వస్తున్నా. ఆకుపచ్చది వేసుకుని ఉండు. లేకపోతే నువ్వు కాదనుకుంటా.'

డిటెక్టివ్ తలుపు వైపు చూశాడు. అంతా అద్దం. బయట నిలబడి లోపలికి ఒక్క చూపు చూస్తే చాలు. పిచ్చుక లేదని తెలిసిన మరుక్షణం వాడు వ్యాను వెనక్కి తిప్పుతాడు. అప్పుడు మేస్త్రికీ, వాడికీ మధ్య మిగిలేది ఒక్క నర్సు.

వెనకాల మేకు మీంచి గుడ్డ లాగిన చప్పుడైంది. మేనేజరమ్మ ఆకుపచ్చ ఏప్రన్ తలమీదుగా వేసుకుని, నడుము వెనక ముడి బిగించుకుంటోంది. ముడి రెండుసార్లు జారింది.

"ఇది కుట్టుకొచ్చిన రోజున కత్తెర తీసుకుని ముక్కలు చేద్దామనుకున్నా," అంది. ఆవిడ కంప్యూటరు వైపు తిరిగి, తలుపుకు వీపు పెట్టి, పిచ్చుక కూర్చునే పద్ధతిలో ఒక కాలు మడిచి కూర్చుంది. "వెనక నుంచి చూస్తే తెలీదులెండి. మీరు ఆ వెనక గది తలుపు చాటుకు పోండి. పది నిమిషాలే ఉంది."